గోడకు కట్టేసిన గొంతు

లోపలి గదిలో హెడ్మాస్టరు మళ్ళీ నత్తి మొదలుపెట్టాడు. పంతొ, పంతొ, పంతొమ్మి, మ్మి, మ్మిది రెళ్ళ ము, ము, ముప్పై. హాల్లో చాప మీద చింతపండు ముందేసుకుని కూర్చున్న సలోమి చేతిలో గింజ చేతిలోనే ఆగిపోయింది. ముప్పై ఎనిమిది దాకా వస్తాడేమోనని ఊపిరి బిగబట్టి విన్నది. రాలేదు, మళ్ళీ పంతొ దగ్గరికే పోయాడు. గింజ ఒక పక్కకి, ఈనె ఒక పక్కకి, పండు పళ్ళెంలోకి. ఎదురుగా బల్ల మీది పాత కంప్యూటరు తెర నిండా తెల్లటి వరసలు కింద పుట్టి, పైకి ఎగబాకి, మాయమైపోతున్నాయి. అవి ఆగేదాకా తను చెయ్యగలిగింది ఏమీ లేదు. గోడ గడియారంలో రెండు దాటింది. నాలుగింటికి కరెంటు పోతుంది. యాప్రాల్‌కి ఈ వేసవిలో శనివారాలు కోత నాలుగింటికని పేపర్లో వేశారు. నీళ్ళ విషయంలో, రోడ్ల విషయంలో ఎవరు మాట తప్పినా కోత విషయంలో మాత్రం తప్పరు. ఇన్వర్టరు పెట్టిద్దామని ఆర్థర్ రెండు వేసవులుగా అంటూనే ఉన్నాడు, అన్న ప్రతిసారీ నిజంగా పెట్టించినంత తృప్తిగా అటు తిరిగి పడుకుంటాడు. ఇవాళ భోజనం కాగానే సంఘ కమిటీ మీటింగంటూ చర్చికి వెళ్ళాడు. ఆ మీటింగులో ఎవరేం తేల్చినా తేల్చకపోయినా సమోసాలు వస్తాయి కాబట్టి సాయంత్రం దాకా రాడు. మంచిదే. ఇల్లు తనదీ, అత్తయ్యదీ, హెడ్మాస్టరుదీ.

హెడ్మాస్టరంటే మనిషి కాదు. అత్తయ్య ల్యాప్‌టాప్‌లో తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే గొంతు. ప్రేమమణి టీచరంటే రెజిమెంటల్ బజార్ నుంచి మారేడ్‌పల్లి దాకా లెక్కలు రానివాళ్ళందరికీ ఒకప్పుడు హడలు. రిటైరయ్యాక నీటికాసుల జబ్బు కమ్మి చూపు పోయింది. కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని, ఒకరోజు లేచి, కంటాసుపత్రి వాళ్ళు నడిపే క్లాసుకి తనను తీసుకెళ్ళమంది. వెళ్ళి ఆ వయసులో కీబోర్డు నేర్చుకుంది. ఎవరో పూర్వ విద్యార్థులు ఆ క్లాసుకి ఒకే రకం ల్యాప్‌టాపులు ఇచ్చారు, అందులో ఒకటి ఈ ఇంటికి వచ్చింది. "చావు కబురూ సినిమా కబురూ ఒకే గొంతుతో చదువుతున్నాడు, ఎక్కడా ఊపిరి తీసుకోడు, ఎవరి మీదా దయ లేదు. అచ్చం మా హెడ్మాస్టరేనమ్మా" అని మొదటి రోజే పేరు పెట్టేసింది. అప్పటినుంచి పొద్దున్నే పేపరంతా వినడం, కొడుకు ఆర్థర్ పేపరు విప్పేలోగా అందులో ఏముందో వాడికి చెప్పేసి వాడి కాఫీ రుచి చెడగొట్టడం. మళ్ళీ ఈ ఇంట్లో అత్తయ్య అందరికంటే ముందు అన్నీ తెలిసిన మనిషి అయింది. సలోమికి అదే ఇష్టం. ఏమీ తెలియని అత్తగారిని భరించడం కంటే అన్నీ తెలిసిన అత్తగారితో వాదించడం సుఖం.

ఆ గొంతుకి నత్తి వచ్చింది ఈమధ్యే, ల్యాప్‌టాప్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి. స్పీకరు పోయిందన్నాడు మరిది సామ్యూల్. "దానికి వయసైపోయింది వదినా, కొత్తది చూద్దాంలే" అని ఫోన్లోనే తేల్చేశాడు. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాళ్ళకి యంత్రం మొహం చూడకుండానే రోగం చెప్పే విద్య వస్తుంది కాబోలు. సలోమి ఊరుకోలేదు. పాత కెర్నల్‌తో తెరిచి చూసింది. కెర్నల్ అంటే యంత్రానికి ఇంటి పెద్ద లాంటిది, స్పీకరు మాట్లాడాలన్నా కీబోర్డు పలకాలన్నా దాని చేతిలోంచే పోవాలి. పాత కెర్నల్‌తో హెడ్మాస్టరు గడగడా చదివాడు, కొత్తదానితో నత్తి. మరి స్పీకరుకి వయసెట్లా అవుతుంది, ఒక కెర్నల్‌కి ముసలిదీ ఇంకో కెర్నల్‌కి పడుచుదీనా? నిన్నటిదాకా బాగున్నది మార్పుల్లో పడి పాడైతే దాన్ని రిగ్రెషన్ అంటారనీ, దాన్ని పట్టుకుని రాసి పంపితే ఆ కెర్నల్ చూసేవాళ్ళు పట్టించుకుంటారనీ అక్కడా ఇక్కడా చదివి తెలుసుకుంది. పెళ్ళికి ముందు బీయెస్సీ లెక్కలు, ఆపైన ఒక కంప్యూటరు డిప్లొమా. ఆ డిప్లొమా ఇన్నాళ్ళూ బీరువాలో పట్టుచీరల కింద మడత నలగకుండా పడుకుంది. 

పాతదానితోనే నెట్టుకురావచ్చు కదా అన్నాడు ఆర్థర్. ఈ ఇంట్లో అయితే రావచ్చు. కానీ యంత్రం లేచేటప్పుడు పాతదా కొత్తదా అని అడుగుతూ చూపించే పట్టీ హెడ్మాస్టరు నిద్ర లేవకముందే వస్తుంది. గొంతు లేనప్పుడు వచ్చే పట్టీని చూపు లేనివాళ్ళు ఎట్లా చదవాలి? అత్తయ్యకి తను ఉంది. క్లాసులో అత్తయ్యతో కలిసి నేర్చుకున్న మిగతావాళ్ళకి ఎవరున్నారు? అందరివీ అవే ల్యాప్‌టాపులు, అందరికీ అదే నత్తి. వీళ్ళ ల్యాప్‌టాపులకి ముందుగా వచ్చింది పరీక్ష ప్రతి, రేపు ఆదివారం సాయంత్రం ఈ కొత్త కెర్నల్‌కి ముద్ర వేసి లోకం మీదికి వదులుతారు. ఆలోగా తప్పు ఏ మార్పులో ఉందో రుజువుతో చూపిస్తే ఆ మార్పు తీసేస్తారు, చూపించలేకపోతే అది అట్లాగే వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎప్పటికో. ఉంగరాల వేళ్ళతో తడుముకుంటూ కీబోర్డు నేర్చుకున్న ఆ ముసలివాళ్ళు అప్పటిదాకా ఉంటారా, విసిగి మూత పెట్టేస్తారా? మూత ఒకసారి పెడితే మళ్ళీ తీయరని సలోమికి తెలుసు. చూపు పోయిన కొత్తల్లో అత్తయ్య కూర్చున్న మూల, ఆ కుర్చీ, ఒళ్ళో పెట్టుకున్న ఆ చేతులు తనకి తెలుసు.

గింజ, ఈనె, పండు. కొత్త చింతపండు, ఇంకా తేనె రంగులోనే ఉంది, వేళ్ళకి అంటుకుంటోంది.

రెండు కెర్నళ్ళ మధ్య వేలకి వేలు మార్పులు, ఎక్కడెక్కడివాళ్ళో చేసినవి. ఒక్కొక్కటే చూస్తూ పోతే అత్తయ్య శతవార్షికం దాటిపోతుంది. కానీ ఒక్కొక్కటే చూడక్కర్లేదని అందరికంటే ముందు తనకి చెప్పింది నాన్న. నాన్న లూకా నరసాపురంలో లైన్‌మన్. గాలివానకి ఊరవతల ఎక్కడో తీగ తెగితే స్తంభం స్తంభం ఎక్కి చూసేవాడు కాదు. సైకిలు మీద సరాసరి లైను మధ్యకి పోయి, అక్కడ రెండు వైపుల తీగల్ని కలిపే జంపరు విప్పి, ఈ సగం బాగుందా ఆ సగం బాగుందా అని చూసుకుని, బాగున్న సగాన్ని వదిలేసి, చెడ్డ సగంలో మళ్ళీ మధ్యకి పోయేవాడు. వెనక సీటు మీద తను, ఒళ్ళో గొడుగు, కొబ్బరిమట్టలు పడిన దారి. "సగం సగం నరుక్కుంటూ పోతే ఎంత పొడుగు లైనైనా పొద్దు గూకేలోగా దొరుకుతుందమ్మాయ్" అనేవాడు. ఇదీ అంతే. మార్పుల మధ్యకి పోవడం, అక్కడి కెర్నల్‌ని ఈ పాత కంప్యూటరు మీద వండడం, వండినదాన్ని అత్తయ్య ల్యాప్‌టాప్‌లో పెట్టి చూడడం. నత్తి ఉంటే చెడ్డది, లేకపోతే మంచిది. మళ్ళీ సగం. ఈ వండడం అన్న మాట తనదే. పొయ్యి మీద పెట్టాక మనం గరిటె తిప్పినా తిప్పకపోయినా దాని టైము అది తీసుకుంటుంది, ఇంకేమనాలి మరి?

పరీక్ష పెట్టేది అత్తయ్య. పంతొమ్మిదో ఎక్కం ఆవిడ ఎంపికే. "కథయితే తర్వాత ఏం మాటొస్తుందో నాకు తెలీదు, మింగేసినా పట్టుకోలేను. ఎక్కంలో ఒక్క అంకె మింగితే ఊరుకుంటానా?" అంది. వాడు చదువుతుంటే ఆవిడ బెత్తం పట్టుకున్నట్టు చూపుడువేలు ఆడిస్తుంది. వారమంతా అట్లా గడిచింది, ఒక పొయ్యి మీద కూర, ఒక పొయ్యి మీద కెర్నల్. సలోమికి ఇంత హాయి అయిన వారం ఈమధ్య గుర్తులేదు, ఆ మాట పైకి అనడానికి సిగ్గేసింది గానీ.

వారం చివరికి దొరికింది. ఇదిగో ఈ మార్పే అని యంత్రం ఒక పేరు చూపించింది. సలోమి దాన్ని పొందిగ్గా రాసి, రెండుసార్లు చదివి, తప్పులు దిద్ది పంపింది. ఆ శబ్దం విభాగం చూసే ఆయన, ఎక్కడో చలిదేశంలో ఉంటాడు, తెల్లారేసరికి జవాబిచ్చాడు. చాలా మర్యాదగా రాశాడు, అదే గుచ్చుకుంది. మీ కష్టానికి కృతజ్ఞతలు, కానీ మీరు చూపిన మార్పు మీ ల్యాప్‌టాప్‌లో లేనే లేని ఒక చిప్పుకి సంబంధించింది, అది మీ గొంతుని పాడుచేయలేదు, చెడ్డదాన్ని మంచిదని ఎక్కడో ఒక అడుగులో గుర్తు పెట్టి ఉంటారు, ఇది అందరికీ జరిగేదే. అందరికీ జరిగేదే! పక్కింటావిడ కూరలో ఉప్పు మరిచిపోయినప్పుడు తను కూడా సరిగ్గా ఈ మాటే అంటుంది. మర్యాదలో ఎంత కారం ఉంటుందో కారం కొట్టేవాళ్ళకే తెలుస్తుంది.

తప్పు ఎక్కడ జరిగింది? మొదట్లోనే జరిగి ఉంటుంది, అప్పటికి చెయ్యి తిరగలేదు, తొందర, భయం. అందుకే పొద్దున్నుంచీ మళ్ళీ మొదటి అడుగు నుంచే వండుతోంది. ఇంకో గిన్నెలో. పాత గిన్నె, అంటే మొదటి తడవ వండిన ఫోల్డరు, కడగకుండా పక్కన పెట్టింది, ఏదీ వెంటనే కడిగేయకూడదని ఎందుకో అనిపించింది. మొదటి అడుగులు మహా నెమ్మది, ఒక్కోదానికి గంట పైన. ఈ లెక్కన అన్నీ తిరిగి చూసేసరికి ఆదివారం కాదు, ఆ పై ఆదివారం వస్తుంది. తెలిసీ వండుతోంది, చేతులు కట్టుకుని కూర్చోలేక. నాలుగింటికి పోయేది ఎటూ పోతుంది.

ఫోను మోగింది. చింతపండు చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ తీసింది.

"అమ్మా సలోమమ్మా, నేను బ్రహ్మచారిని. పరేషాన్ జేస్తున్ననా?"

రెజిమెంటల్ బజార్ కంసాలి బ్రహ్మచారి, కంటాసుపత్రి క్లాసులో అత్తయ్య క్లాసుమేటు. కొలిమి దగ్గర కూర్చుని కూర్చుని కళ్ళు పోయాయంటాడు, డాక్టర్లు కాదన్నా ఒప్పుకోడు.

"లేదు బాబాయిగారూ, చెప్పండి."

"ఏం జెప్పాలె బిడ్డా, గా డబ్బా ఇయ్యాల సుత గట్లనే కొట్టుకుంటున్నది. నమ, నమ, నమ అనుకుంట, నమస్తే అనేటాల్లకు పొద్దు గూకుతున్నది. మా కోడలు ఏమంటదో ఎర్కేనా? తాతకు మంచి జోడి దొర్కింది, ఇద్దరూ దగ్గుడేనంట. దుకాణంల పెట్టి అమ్మేస్తరట."

"అమ్మనివ్వకండి. రెండు రోజులాగమనండి."

"నేనేడ అమ్మనిస్త! దాన్ని పండుకునేటప్పుడు పక్కల ఏసుకుంట. గా చలిదేశమాయన ఏమన్నడు?"

"తప్పు నాదేనన్నాడు."

"అంటడు, అంటడు. తూకం తక్కువొస్తె మేం సుత ముందుగాల గిరాకీనే అంటం. మా తరాజు జూసుకునుడు తర్వాత." అవతల ఆయన నవ్వు, ఆ వెనక సందులో ఎవరిదో స్కూటరు. "అయితే ఒకటి జెప్పు. ప్రేమమణి టీచరమ్మ దాంట్ల అప్పుడప్పుడన్న మంచిగ మాట్లాడ్తడట గదా హెడ్మాస్టరు? మొన్న ఎక్కమంతా అప్పజెప్పిండని ఫోన్ల ఒకటే సంబురం. నా దాంట్ల ఒక్క పూట సుత లేదేందమ్మా?"

"మీ దాంట్లో అసలెప్పుడూ సరిగ్గా రాలేదా?"

"రాలే. ఏడికెల్లి వస్తది, బ్యాటరీ సచ్చి ఏడాదాయె, ఎప్పుడు జూసినా గోడకే కట్టేసుంటది, బర్రె లెక్క. జెర తాడు ఊడితె కండ్లు మూస్తది. దానికేమన్న నా మీద కోపమా అని."

కోపం ఎందుకుంటుంది బాబాయిగారూ అని నవ్వి, అత్తయ్యకి చెబుతానని పెట్టేసింది. మళ్ళీ చాప. గింజ, ఈనె. గోడకే కట్టేసిన బర్రె. పాపం ఆయన. వెండి పట్టీలు చేసిచ్చాడు సామ్యూల్ పాప బాప్తిస్మానికి, వేళ్ళతో తడిమి అతుకు సరిచూసి. మొన్న ఎక్కమంతా అప్పజెప్పాడని అత్తయ్య ఆయనకి కూడా చెప్పిందన్నమాట. ఎప్పుడది? చివరి అడుగులకి వచ్చినప్పుడు. అన్ని చెడ్డవాటి తర్వాత ఒక మంచిది, హెడ్మాస్టరు పంతొమ్మిది పదుల నూట తొంభై దాకా గుక్క తిప్పుకోకుండా చదివితే అత్తయ్య చప్పట్లు కొట్టింది. తను కంప్యూటరు లేవగానే మంచిది అని టైపు చేసింది, చేస్తుంటే మణికట్టు కలుక్కుమంది. ఎందుకు కలుక్కుమంది? ఆ రోజు ఏదో రుబ్బింది. దోసకాయ పచ్చడి. రాత్రి ఆర్థర్ రెండోసారి వడ్డించుకుంటూ "ఇవాళ ముక్క పంటికి తగుల్తోందోయ్, అమ్మ చేసినట్టుంది" అన్నాడు, అత్తయ్య విననట్టు వింటూ గడ్డం పైకెత్తింది. మిక్సీలో వేస్తే దోసకాయ జావ అయిపోతుంది, ఎన్నిసార్లు చెప్పినా తనకి మిక్సీయే సుఖం. ఆ రోజు మాత్రం పెరటి అరుగు మీద రోలు కడిగి, పచ్చిమిరపకాయలు దంచి, ముక్కలు చితక్కుండా నూరింది. ఎందుకంత ప్రేమ పుట్టుకొచ్చింది? ఆర్థర్ పుట్టినరోజు కాదు. చుట్టాలు రాలేదు. చెమటలు కారుతూ, నూరుతూ, విసుక్కుంటూ.

విసుక్కుంటూ, ఎందుకంటే మిక్సీ తిరగలేదు. ఎందుకంటే కరెంటు లేదు.

సలోమి చేతిలో చింతపండు అట్లాగే ఉంది. తెర మీద వరసలు పోతూనే ఉన్నాయి. కరెంటు లేదు. అంతకుముందే వండి ల్యాప్‌టాప్‌లో పెట్టేసిన కెర్నల్, కరెంటొచ్చేదాకా ఆగడమెందుకు, దీనికి బ్యాటరీ ఉందిగా అని పచ్చడి తిరగమోత వేసి పరీక్షకి కూర్చుంది. మిగతావన్నీ గోడకి కట్టేసి చూసినవి, ఇది ఒక్కటే తాడు విప్పేసి చూసింది. బ్రహ్మచారి బర్రె ఏనాడూ తాడు విప్పుకోలేదు, ఒక్క పూటా సరిగ్గా పలకలేదు. 

నాన్నా! స్తంభం ఎక్కేముందు ఏం చూడాలి అంటే, సైకిలు వెనక నుంచి చిన్నప్పుడే అరిచి చెప్పేది తను, సరఫరా ఉందో లేదో చూడాలి అని. లైన్‌మన్ కూతురు.

లేచి లోపలి గదికి వెళ్ళింది. అత్తయ్య మంచం మీద గోడకి చేరగిలబడి ఉంది, కళ్ళు మూసి, మంచం పక్క ముక్కాలి బల్ల మీద ల్యాప్‌టాప్, ముం, ముం, ముంగిట ఏదో వార్త దగ్గర తన్నుకుంటోంది.

"అత్తయ్యా, మొన్న ఎక్కమంతా చదివాడు చూడండి, ఆ పూట ఫ్యాను తిరుగుతోందా?"

"ఎక్కడ తిరిగింది? విసనకర్ర పట్టుకునే కదా విన్నాను. ఫ్యాను గోల లేకపోబట్టి వీడి గొంతు బాగా తెలిసిందనుకున్నా." ఆవిడ మొహం ఇటు తిప్పింది. "ఏమే, దొరికిందా?"

"పంతొమ్మిదో ఎక్కం పెట్టండి."

అత్తయ్య వేళ్ళు కీబోర్డు మీద వాటి దారిన అవి పోయాయి. పంతొ, పంతొ, పంతొమ్మి. సలోమి వంగి, గోడ దగ్గర ప్లగ్గు పట్టుకుని లాగింది. పంతొమ్మిది మూళ్ళ యాభై ఏడు, పంతొమ్మిది నాలుగుల డెబ్బై ఆరు, పంతొమ్మిది అయిదుల తొంభై అయిదు. అత్తయ్య చూపుడువేలు గాల్లో ఆగింది. సలోమి ప్లగ్గు పెట్టింది. పంతొమ్మిది ఆర్ల నూ, నూ, నూట, నూట.

"అమ్మ దొంగా!" అంది అత్తయ్య. ఎవరిని అన్నదో తెలీదు, హెడ్మాస్టరునో, కోడలినో.

హాల్లోకి వచ్చి, ఇంకాసేపట్లో ఉడికేదే అయినా, వండుతున్నదాన్ని ఒక్క మీట నొక్కి ఆపేసింది. పొయ్యి మీంచి సగం ఉడికిన అన్నం దించేయడానికి ఎంత గుండె కావాలో అంతా కావలసి వచ్చింది. పక్కన పెట్టిన పాత గిన్నె తెరిచింది. అంతా ఎట్లా వదిలిందో అట్లాగే ఉంది, దేవునికి స్తోత్రం, కడగలేదు. ఆ మొన్నటి కెర్నల్ ల్యాప్‌టాప్‌లో ఇంకా ఉంది కూడా. దాన్నే గోడకి కట్టేసి మళ్ళీ లేపింది. నత్తి. చెడ్డది, ఎన్నడూ మంచిది కాదు. ఆ ఒక్క గుర్తు చెరిపి, తిరగరాసి, మళ్ళీ సగం అడిగింది. ఇద్దరే అనుమానితులు మిగిలారంది యంత్రం. చివరి అడుగులు కాబట్టి మార్పులు కొద్ది, వండడమూ తొందరే. కూర వేగేంత సేపు. ఆ సేపు చింతపండు ముందు కూర్చుంది గానీ గింజని పళ్ళెంలోకీ పండుని పక్కకీ వేస్తోందని కాసేపటికి చూసుకుని తనే నవ్వింది.

ఆ తప్పు చేయాలంటే ఈ ఊళ్ళో ఉండాలి, ఈ వేసవిలో. చలిదేశమాయనకి ఏం తెలుసు? ఆయన ఇంట్లో కరెంటు పోవడమంటే పదేళ్ళకోసారి చెప్పుకునే కథ అయి ఉంటుంది. ఇక్కడ గడియారం చూసి పచ్చడి నూరుకుంటాం. కరెంటు ఉన్నప్పుడు చిప్పుకి ఒక నడక, బ్యాటరీ మీద పొదుపుగా ఇంకో నడక. గోడ నుంచి తాడు ఎన్నడూ తీయని చోట కూర్చుని ఈ తేడా ఎవరూ చూడరు. కోత వల్లే తప్పు చేసింది, కోత వల్లే నత్తి ఎప్పుడొస్తుందో కూడా తెలిసింది. దీన్ని మెయిల్లో రాయాలా? కోత గురించి రాయాలి, పచ్చడి గురించి అక్కర్లేదు. ఆ పచ్చడి సంగతి తెలియకపోతే మాత్రం సగం కథే తెలిసినట్టు, పోనీలే.

ఉడికింది. ల్యాప్‌టాప్‌లో పెట్టి, ప్లగ్గు ఒకటికి రెండుసార్లు చూసుకుని లేపింది. నత్తి. చెడ్డది అని టైపు చేయగానే యంత్రం ఇక అడగడానికి ఏమీ లేదన్నట్టు ఒక్క మార్పు చూపించి ఊరుకుంది. చిప్పు పేరు తమ ల్యాప్‌టాప్‌లోదే. మార్చింది ఒక్క వరస. చేసినవాళ్ళ పేరు దగ్గర సలోమి చూపు ఆగింది. ఇంకొకసారి చదివింది. ఆయనే. కృతజ్ఞతలు చెప్పినాయన, అందరికీ జరిగేదే అన్నాయన.

మా తరాజు జూసుకునుడు తర్వాత, అన్నాడు బ్రహ్మచారి.

నవ్వొచ్చింది, గట్టిగా రాలేదు, లోపల ఎక్కడో బెల్లం ముక్క కరిగినట్టు వచ్చింది. మూడున్నర. ఇంకొక్కటి మిగిలింది. ఆ ఒక్క వరస తీసేసి వండి, నత్తి పోయిందని చూపించాలి, అప్పుడు ఎవరూ కాదనలేరు. పొయ్యి మీద పెట్టింది. ఇక ఉత్తరం. మొదటి వాక్యం ఏది రాయాలి? తప్పు మీ మార్పులో ఉంది, అని మొదలుపెడితే నిజమే. నిజమే కానీ, వడ్డించగానే కారం తగిలినట్టుంటుంది. మీరు చెప్పినట్టే నేను ఒక అడుగు తప్పుగా గుర్తు పెట్టాను, అని మొదలుపెడితే అది కూడా నిజమే, పైగా రెండో వాక్యానికి ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. తర్వాత కోత సంగతి, ప్లగ్గు సంగతి, ఎవరైనా ఇంట్లో పరీక్షించుకోడానికి ప్లగ్గు లాగి పెట్టమని. తర్వాత మార్పు నంబరు, దాని పక్కన పేరు రాయక్కర్లేదు. ఆయన పేరు ఆయన గుర్తుపట్టుకోగలడు. చివర్లో, ఇది అందరికీ జరిగేదే, అని రాయాలా వద్దా? రాయాలని చెయ్యి ఎంత దురద పెట్టిందో. వద్దు. రాయకుండా వదిలేస్తే వచ్చే సుఖం రాస్తే రాదు. అయినా ఆయన మంచివాడు, తెల్లారేలోగా జవాబిచ్చాడు, ముక్కూ మొహం తెలియని ఆడమనిషి రాసిందాన్ని చివరిదాకా చదివి చిప్పు పేరు సరిచూశాడు. ఈ సంగతి సామ్యూల్‌కి మాత్రం ఫోను చేసి చెప్పాలి. స్పీకరు పడుచుదేనయ్యా, అని.

నాలుగవడానికి ఇంకా కాస్త ఉందనగా ఉడికింది. ల్యాప్‌టాప్‌లో పెట్టింది. ప్లగ్గు చూసుకుని లేపింది. పైన ఫ్యాను తిరుగుతోంది.

పంతొమ్మిది ఒకట్ల పంతొమ్మిది. పంతొమ్మిది రెళ్ళ ముప్పై ఎనిమిది. పంతొమ్మిది మూళ్ళ యాభై ఏడు.

అత్తయ్య చప్పట్లు కొట్టలేదు. ఒకసారి కొట్టి మోసపోయిన మనిషి. "ప్లగ్గు పెట్టావా?"

"పెట్టాను అత్తయ్యా."

"మొన్న కూడా బాగుందనే అన్నావు."

మంచం దిగింది. ల్యాప్‌టాప్ వెనక చెయ్యి పెట్టి తీగ పట్టుకుంది, పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నుంచి జార్చుకుంటూ బల్ల అంచు దాకా, అక్కణ్ణుంచి కిందికి, మధ్యలో నల్లటి పెట్టె దగ్గర ఒక క్షణం అరచేయి ఆనించి అది వెచ్చగా ఉందని చూసుకుని, మళ్ళీ తీగ వెంట గోడ వైపుకి నడిచింది. సలోమి అడ్డు జరిగి దారిచ్చింది. సాయం చేయబోలేదు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదట. పంతొమ్మిది ఆర్ల నూట పద్నాలుగు, పంతొమ్మిది ఏడుల నూట ముప్పై మూడు. వేళ్ళు గోడకి చేరాయి. ప్లగ్గు చుట్టూ తడిమాయి, లోపలికి నొక్కి చూశాయి, పక్కన స్విచ్చి కిందికి ఉందో లేదో చూశాయి. పంతొమ్మిది తొమ్మిదుల నూట డెబ్బై ఒకటి. చెయ్యి ప్లగ్గు మీదే ఉంచి అత్తయ్య ఆఖరి అంకె కోసం ఆగింది.

పంతొమ్మిది పదుల నూట తొంభై, అన్నాడు హెడ్మాస్టరు.

"ఉంది," అంది ప్రేమమణి టీచరు. "ఇప్పుడు రాయి."